ఇంటి నుంచే ఉద్యోగమా? పోయిన అడుగులు రాబట్టుకోండి: 13 చిట్కాలు

ఉగాది దగ్గర పడుతోందంటే మా ఆత్మకూరు వీధుల్లో కన్నడ మాటలు వినిపిస్తాయి. ఉత్తర కర్ణాటక నుంచి వందల కిలోమీటర్లు నడిచొచ్చే మల్లన్న భక్తులు మా ఊరి మీదుగా వెంకటాపురం చేరతారు. అక్కడి నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను దాటి, కైలాసద్వారం ఎక్కి శ్రీశైలంలో తేలతారు. బస్సెక్కితే దోర్నాల చుట్టి పోవాలి. వీళ్లు మాత్రం నల్లమలను కాళ్లతోనే దాటేస్తారు. కొందరైతే కర్రకాళ్లు కట్టుకుని మరీ నడుస్తారు.

వాళ్లకు మజ్జిగ పోసి లోపలికొచ్చిన మా జేజి ఒకరోజు నా దగ్గర నిలబడి అడిగింది: "ఏమిరా, పొద్దన్నుంచి ఆ డబ్బా ముందర కూసునే ఉండావు. కాళ్లు యాడన్నా అరువిచ్చినావా?"

నవ్వుతూ ఫోన్ తీసి చూసుకున్నాను. సాయంత్రం ఆరైంది. ఆ రోజు నడిచింది 900 అడుగులు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు లాప్‌టాప్ సంచీతో సొంతూరికి చేరినవాళ్లలో నేనూ ఒకడిని. నగరంలో ఉన్నప్పుడు నేనేమీ కసరత్తు చేసినవాడిని కాను. అయినా రూము నుంచి బస్టాపుకు, బస్టాపు నుంచి ఆఫీసుకు, సీటు నుంచి క్యాంటీనుకు, టీ కొట్టుకు, తిరిగి రూముకు... ఎవరూ లెక్క రాయని నడక ఎంతో ఉండేది. ఇంటికొచ్చాక మంచానికీ బల్లకూ మధ్య పది అడుగులు మిగిలాయి. ఇంటి నుంచి పని చేసేవాళ్లకు పోయింది కసరత్తు కాదు, ఆ లెక్కలో లేని అడుగులు. కాబట్టి గంటసేపు ఖాళీ దొరికితే వ్యాయామం చేద్దామని ఎదురు చూడొద్దు. పోయిన అడుగులను రోజులో అక్కడక్కడా తిరిగి అతికించుకుంటే చాలు. నాకూ, నాలాంటి మా ఊరి స్నేహితులకూ పనికొచ్చినవి ఇవీ.

1. ముందు మీ లెక్క చూసుకోండి

వారం రోజులు ఏమీ మార్చకుండా ఫోన్ జేబులో వేసుకుని తిరగండి. రోజుకు ఎన్ని అడుగులో రాసుకోండి. అది మీ అసలు లెక్క. 10,000 అడుగులు నడవకపోతే దండగని బెంగ పడొద్దు. ఆ అంకె వైద్యులు తేల్చింది కాదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం ఒకటి అమ్మకానికి వచ్చింది. దానికి పెట్టిన పేరుకు అర్థం 'పదివేల అడుగుల మీటరు'. అంకె అక్కడి నుంచే పాకింది. వయసు మళ్లిన మహిళల మీద అమెరికాలో జరిగి 2019లో అచ్చయిన అధ్యయనంలో, రోజుకు 4,400 అడుగులు వేసేవాళ్లకే మరణ ముప్పు చెప్పుకోదగ్గంత తగ్గింది. ఆ మేలు 7,500 దాకా పెరిగి, తర్వాత నిలకడగా ఉండిపోయింది. మీ లెక్క 2,000 అయితే వచ్చే వారం 3,000 చేయండి. పది నిమిషాల చురుకైన నడక దాదాపు వెయ్యి అడుగులు.

2. వారానికి 150 నిమిషాలు గుర్తుంచుకోండి

పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలనీ, కనీసం రెండు రోజులు కండరాలకు బలం పెంచే కసరత్తు ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. 150 అనగానే గుండె జారిపోతుంది గానీ, పంచితే ఏముంది? వారానికి ఐదు రోజులు, రోజుకు మూడు సార్లు, ప్రతిసారీ పది నిమిషాలు. ఒకే దఫా చేయాలన్న నియమం లేదు. ఓ మోస్తరు శ్రమ అంటే మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అంతకు మించిన కొలబద్ద అక్కర్లేదు.

3. ఉత్తుత్తి ఆఫీసుకు పోయి రండి

లాగిన్ అయ్యే ముందు చెప్పులేసుకుని గడప దాటండి. పదిహేను నిమిషాలు నడిచి, తిరిగొచ్చి, అప్పుడు బల్ల దగ్గర కూర్చోండి. అది మీరు ఆఫీసుకు పోవడం. సాయంత్రం లాప్‌టాప్ మూశాక అదే దారిలో ఇంకో చుట్టు. అది ఆఫీసు నుంచి ఇంటికి రావడం. పాలో, కరివేపాకో, పెద్దవాళ్ల మందులో, ఏదో ఒక పని తగిలించుకుంటే నడక తప్పదు. బండి తాళం మాత్రం ఇంట్లోనే వదిలేయండి. చిన్న ఊరిలో ఉన్న వసతే ఇది: ఏ పనైనా నడిచిపోయేంత దూరంలోనే ఉంటుంది. దీనివల్ల ఇంకో లాభమూ ఉంది. ఇంటి నుంచి పని చేసేవాళ్లకు ఉద్యోగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు. ఈ రెండు నడకలు దానికి రెండు గట్లు కడతాయి.

4. చీకట్లో అడవి వైపు వద్దు

చల్లగా ఉంటుందని తెల్లవారకముందే ఊరి బయటికి, అడవి అంచుకు నడిచే అలవాటు కొందరికుంది. మనముండేది నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం పక్కన. విస్తీర్ణంలో దేశంలోనే పెద్దది అది. 2023 మార్చిలో కొత్తపల్లె మండలం పెద్దగుమ్మడాపురంలో నాలుగు పులి పిల్లలు ఊళ్లోకే వచ్చి కనిపించిన సంగతి మరవొద్దు. తల్లి జాడ కోసం రోజుల తరబడి వెతికి, చివరికి పిల్లలను తిరుపతి జూకు పంపాల్సి వచ్చింది. కాబట్టి తెల్లారక ముందు అడవిలో ఉన్న బైర్లూటి వైపు కాకుండా ఊళ్లో దీపాలున్న వీధుల్లో, బడి ఆవరణలో నడవండి. చెవుల్లో పాటలు పెట్టుకుని రోడ్డు మీద నడిచేవాళ్లు ఒక చెవి ఖాళీగా వదిలేయండి. పులి సంగతి ఎలా ఉన్నా లారీల భయం రోజూ ఉంది.

5. ఎండను చూసి వేళ పెట్టుకోండి

వ్యాయామానికి సాయంత్రం ఐదు మంచిదని ఎక్కడో చల్లని ఊరివాళ్లు చెప్పిన మాట మన సీమకు కుదరదు. ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీలు దాటడం ఇక్కడ వింత కాదు. మిద్దె మీది బండలు పగలంతా తాగిన ఎండను రాత్రి ఏడెనిమిది దాకా కక్కుతూనే ఉంటాయి. వేసవిలో బయటి నడక పొద్దున ఐదున్నర నుంచి ఆరున్నర లోపు ముగించండి. లేదంటే రాత్రి తిన్నాక. మిగతా కదలికంతా ఇంటి నీడలో, ఫ్యాన్ కింద. నడకకు ముందు ఒక గ్లాసు నీళ్లు, వచ్చాక ఉప్పేసిన పల్చటి మజ్జిగ. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు మానేయండి. తల తిరిగినా, వికారం వచ్చినా, చెమట పట్టడం ఆగిపోయినా వెంటనే నీడలో కూర్చోండి. ఆ రోజుకు అంతటితో చాలించండి. వానలు పడి నల్లరేగడి బురదైనప్పుడు కూడా నడక మానొద్దు, వసారాలోకి మార్చుకోండి.

6. నీళ్ల సీసా బల్ల మీద పెట్టుకోవద్దు

రెండు లీటర్ల సీసా పక్కన పెట్టుకుని తాగుతుంటే లేచే పనే ఉండదు. నీళ్ల కుండ వంటింట్లోనే ఉండనివ్వండి. బల్ల మీద చిన్న గ్లాసు చాలు. అది ఖాళీ అయిన ప్రతిసారీ లేవాలి. తాగిన నీళ్లు మళ్లీ లేపుతాయి, ఆ సంగతి చెప్పనక్కర్లేదు. ఫోన్ చార్జరు, ప్రింటరు, చెత్తబుట్ట కూడా చేతికందనంత దూరంలో పెట్టండి. చేతికందేదంతా కాళ్లకు శత్రువు.

7. అరగంటకోసారి ఐదు నిమిషాలు

పొద్దున గంట నడిచాను కదా అని ఆ తర్వాత తొమ్మిది గంటలు కదలకుండా కూర్చుంటే ఆ నడక ఫలం కొంత పోయినట్టే. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు 2023లో ఒక చిన్న పరీక్ష ఫలితం ప్రకటించారు. పదకొండు మందిని ఎనిమిది గంటలు కూర్చోబెట్టి, రకరకాల విరామాలతో నడిపించి చూశారు. అరగంటకోసారి ఐదు నిమిషాలు మెల్లగా నడిచినప్పుడు, భోజనం తర్వాత రక్తంలో చక్కెర పెరగడం దాదాపు 58 శాతం తగ్గింది. పదకొండు మందితో చేసిన పరీక్ష కాబట్టి అదే వేదం అనుకోవద్దు. కానీ పైసా ఖర్చు లేని మందు, వాడి చూడటానికి భయమేముంది? అరగంట కుదరకపోతే గంటకోసారి. ఫోన్‌లో అలారం పెట్టుకోండి. అది మోగినప్పుడు "ఈ ఒక్క మెయిల్ అయ్యాక" అని మాత్రం అనొద్దు.

8. మాట్లాడే పని నిలబడి, వినే పని నడుస్తూ

సాఫ్ట్‌వేర్ వాళ్లకు రోజూ పొద్దున జరిగే మీటింగు పేరు స్టాండప్. నిలబడి మాట్లాడితే తొందరగా ముగుస్తుందని పెట్టుకున్న పేరు. మనమేమో కూర్చుని, కొందరైతే పడుకుని, స్టాండప్‌కు హాజరవుతున్నాం. కనీసం ఆ పదిహేను నిమిషాలైనా పేరుకు న్యాయం చేయండి. కెమెరా అక్కర్లేని, మీరు మాట్లాడాల్సిన పని లేని మీటింగులు రోజుకు ఒకటైనా ఉంటాయి. ఇయర్‌ఫోన్ పెట్టుకుని వసారాలో, మిద్దె మీద అటూ ఇటూ నడుస్తూ వినండి. అరగంట మీటింగు మూడు వేల అడుగులకు దగ్గరవుతుంది. ఇంట్లో సిగ్నల్ సరిగా అందదని విసుక్కునేవాళ్లకు మిద్దె ఎక్కడానికి ఇంకో కారణం దొరికినట్టే.

9. డ్రైవర్ కావొద్దు, కండక్టర్ కండి

1953లో జెర్రీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు లండన్ బస్సు సిబ్బంది మీద చేసిన పరిశోధన బయటపెట్టారు. ఒకే బస్సు, ఒకే దారి, ఒకే రకం మనుషులు. అయినా రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లకు గుండెజబ్బు బాగా తక్కువగా ఉంది. వాళ్లు రోజుకు ఎక్కే మెట్లు 500 నుంచి 750. కూర్చుని చేసే ఉద్యోగానికీ గుండెకూ సంబంధం ఉందని లోకానికి గట్టిగా తెలిసింది అప్పుడే.

మన ఇంటికి ఉన్నవి మిద్దె మెట్లు. ఇరవై మెట్లనుకుంటే పొద్దున రెండుసార్లు, మధ్యాహ్నం రెండుసార్లు, సాయంత్రం మూడుసార్లు ఎక్కితే 140 అవుతాయి. ఆరేసిన బట్టలు తేవడం, మొక్కలకు నీళ్లు పోయడం, వడియాలు తిరగేయడం, ట్యాంకులో నీళ్లు చూడటం ఇకనుంచి మీ పనే అని ఇంట్లో చెప్పేయండి. మోకాళ్ల నొప్పులుంటే దిగేటప్పుడు పిట్టగోడ పట్టుకుని మెల్లగా దిగండి. ఎక్కడం కన్నా దిగడమే మోకాలికి ఎక్కువ భారం.

10. గుంజీలకు సిగ్గేమిటి

బలం పెంచే కసరత్తుకు జిమ్ కావాలని ఎవరన్నారు? వినాయకుడి ముందు తీసే గుంజీలు, తాలీంఖానాల్లో పహిల్వాన్లు తీసే బస్కీలు, నేడు జిమ్‌లో స్క్వాట్స్ పేరుతో డబ్బు తీసుకుని చేయిస్తున్నవి, అన్నీ ఒకే జాతి. ముందు కుర్చీతో మొదలుపెట్టండి. చేతులు ఆనించకుండా లేచి, మళ్లీ కూర్చోవడం. పదిసార్లు. వారం తర్వాత కుర్చీ తీసేసి గుంజీలు. నేల మీద దండీలు రాకపోతే గోడకు అడుగున్నర దూరంలో నిలబడి, అరచేతులు గోడకు ఆనించి, ముందుకు వంగి వెనక్కి రండి. అదీ దండీనే. చేతులకు లీటరు నీళ్ల సీసాలు రెండు, అంటే చెరొక కిలో. తర్వాత ఐదు కిలోల పిండి సంచీ. బియ్యం మూట ఎత్తే ధైర్యం వస్తే మోకాళ్లు వంచి, మూటను ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవండి. నడుము వంచి ఎత్తితే మర్నాడు సెలవు చీటీ రాయాల్సి వస్తుంది. వారానికి రెండు రోజులు, పదిహేను నిమిషాలు చాలు.

11. బల్ల ఎత్తు సరిచూడండి

నవారు మంచం మీద వాలి, ఒడిలో లాప్‌టాప్ పెట్టుకుని పని చేసేవాళ్లకు ఎంత కసరత్తు చేసినా మెడనొప్పి వదలదు. తెర పైఅంచు కంటి ఎత్తుకు రావాలి. లాప్‌టాప్ కింద నాలుగు లావు పుస్తకాలు పెట్టి, విడిగా ఒక కీబోర్డు కొనుక్కోండి. మా ఇంట్లో ఆ పని పాత పుస్తకాలతో పాటు పంచాంగాలు చేస్తున్నాయి. అరికాళ్లు నేలకు ఆనాలి. ఆనకపోతే కాళ్ల కింద పీట వేసుకోండి. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల అవతల ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడండి, కళ్లకు తెరిపి. నల్లమల కొండలు కనిపించే కిటికీ ఉంటే అంతకన్నా కంటివైద్యం ఏముంది?

12. ఇంటి పనీ లెక్కే, కానీ అందరికీ పంచండి

ఊడవడం, తడిబట్ట పెట్టడం, నీళ్ల బిందె మోయడం, కల్లాపి చల్లడం అన్నీ శ్రమే. వారం లెక్కలో కలుపుకోవచ్చు. అయితే ఒక మెలిక. ఇంటి నుంచి పని చేసే ఆడవాళ్లకు ఇది వ్యాయామం కాదు, రెండో ఉద్యోగం. నడుము వంచి చేసిందే చేయడం వల్ల నొప్పులొస్తాయి గానీ బలం రాదు. వాళ్లకు కావాల్సింది ఇంకాస్త పని కాదు, బయట ఇరవై నిమిషాల నడక, ఆ సమయానికి పొయ్యి దగ్గర ఇంకొకరు. మగవాళ్లు పొద్దున పది నిమిషాలు చీపురు పట్టుకుంటే ఇద్దరి ఒంటికీ మంచిది.

తిండి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఉగ్గాని బజ్జి తిని లాగిన్ అయిన రోజు పదకొండుకల్లా కళ్లు మూతలు పడతాయి. మానేయమని చెప్పను, కర్నూలు సీమలో పుట్టి ఆ మాట అనగలనా? బజ్జీలు రెండుకు తగ్గించండి. మధ్యాహ్నం అన్నం కాస్త తగ్గించి జొన్న రొట్టె, ఆకుకూర పప్పు. తిన్న వెంటనే కుర్చీలో వాలకుండా పది నిమిషాలు మెల్లగా నడవండి. రాత్రి భోజనం తర్వాత కూడా అంతే. చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు ఈ రెండు నడకలూ ఎంతో మేలు.

13. కరెంటు పోతే సంబరపడండి, తోడు వెతుక్కోండి

కరెంటో నెట్టో పోయిందంటే వెంటనే ఫోన్ తీసి స్నేహితులకు ఫిర్యాదు చేస్తాం. బదులుగా అది వ్యాయామం గంట అనుకోండి. ఆరు సూర్యనమస్కారాలు, లేదా యాభై తాడాట గెంతులు. అంతలో వచ్చేస్తుంది. రాకపోతే ఇంకో ఆరు.

ఒంటరిగా చేసేది నాలుగు రోజుల్లో ఆగిపోతుంది. పిల్లలతో షటిల్ ఆడండి. వీధిలో కోలాటం, చెక్కభజన నేర్పేవాళ్లుంటే సాయంత్రం చేరిపోండి. గంటసేపు వంగి, లేచి, తిరిగి, పాడే ఆ ఆటల ముందు ఏ యాప్ నిలుస్తుంది? నైట్ షిఫ్టు వాళ్లు తోడు దొరకదని మానొద్దు. విదేశాల వాళ్లతో రాత్రి పదింటిదాకా మాట్లాడాల్సి వస్తే మీ నడక పొద్దున్నే పెట్టుకోండి. పడుకునే ముందు గెంతులు, బరువులు వద్దు, నిద్ర చెడుతుంది.

రోజు ఇలా ఉండొచ్చు

• పొద్దున 6:00: బయట 15 నిమిషాల నడక, ఇరవై గుంజీలు
• 10:30: స్టాండప్ మీటింగు నిజంగా నిలబడి
• 11:00 నుంచి 1:00: గంటకోసారి లేచి నీళ్లు, ఒకసారి మిద్దె మెట్లు
• 2:00: భోజనం తర్వాత 10 నిమిషాలు వసారాలో
• 5:00: వినే మీటింగు ఒకటి నడుస్తూ
• రాత్రి 9:00: భోజనం తర్వాత వీధిలో 10 నిమిషాలు

మొత్తం కలిపితే మీ పని నుంచి పోయేది ముప్పావుగంట కూడా లేదు.

వీళ్లు డాక్టరును అడిగాకే

గుండెజబ్బు, అదుపులో లేని బీపీ, చక్కెర ఉన్నవాళ్లు, మోకాళ్ల ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు ముందు డాక్టరును అడగండి. చక్కెరకు ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో నడవొద్దు. జేబులో ఒక బెల్లం ముక్క ఉంచుకోండి. నడుస్తుండగా ఛాతీ బిగపట్టినా, ఎడమ చేతిలోకి నొప్పి పాకినా, ఊపిరి అందకపోయినా ఆగి, 108కు ఫోన్ చేయండి. గ్యాస్ అని సరిపెట్టుకోవద్దు.

ఆఖరి మాట. లెక్క కోసం నడిచేది కొంతకాలానికి విసుగు పుట్టిస్తుంది. ఎక్కడికో చేరాలని నడిచేది నిలుస్తుంది. నేను పెట్టుకున్న గమ్యం వెంకటాపురం నుంచి శ్రీశైలం. మొదటి ఏడాది నాగలూటి వీరభద్రస్వామి గుడి దాకా పోయి, కాళ్లు బొబ్బలెక్కి వెనక్కొచ్చాను. జేజి కొబ్బరినూనె రాస్తూ, "పోయినావు గదా, అదే చాలు" అంది. ఆ అడవి దారిలో ఎప్పుడంటే అప్పుడు నడవనివ్వరు. శివరాత్రికీ ఉగాదికీ మాత్రమే అటవీ శాఖ వదులుతుంది. అందుకే రోజులు లెక్కపెట్టుకోవాలి. మీరూ రాదలిస్తే, శివరాత్రి ఇంకెన్నాళ్లుందో పంచాంగం తీసి చూసుకోండి. అది లాప్‌టాప్ కింద ఉంటుంది.